ఈ వారం సమస్య: కంకణముఁ జూడ నద్దంబు గావలయును

నిర్వాహకుడు (తిరుపతి): ఇది తేటగీతి పద్యానికి చివరి పాదం. ముందరి మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. ‘చేతి కంకణానికి అద్దమేల’ అన్న సామెతను తిరగేశాను. కళ్లెదుట ఉన్నదానికి ఋజువు అడిగేవారి నోరు మూయించే మాట అది. కరతలామలకంతో కలపకండి. ఆవిడకు లెక్కలు కరతలామలకం అంటే చక్కగా వచ్చని అర్థం. అక్కడ కంకణాన్ని తెస్తే నవ్వుతారు.

చంద్రగిరి సభ్యురాలు:

గాంధివీథి యంగడిలోన గాజు గొంటి
ఆఱు వర్ణముల్ లోపల నణఁగి యుండె
చీమ తలకన్నఁ జిన్నవి చెప్పనేల
కంకణముఁ జూడ నద్దంబు గావలయును

మొన్న జరిగిందే రాశాను. బంగారు గాజు లోపలి ముద్ర ఆనడం లేదు, భూతద్దం ఇమ్మన్నాను. అంగడివాడు గాజు నా చేతికే తొడిగి, “చేతి కంకణానికి అద్దమెందుకమ్మా!” అన్నాడు.

నిర్వాహకుడు: సామెతను ఎక్కడ వాడకూడదో సరిగ్గా అక్కడే వాడాడు! మెరుపు కంటికి కనిపిస్తుంది, మాటున కలిసిన లోహం కనిపించదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్, అంటే స్వచ్ఛత ముద్ర, ఉన్న బంగారు నగ మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల సంఖ్య తప్పనిసరి. పదింతలు చేసి చూపే అద్దం అడిగే హక్కు కొనేవారికి ఉంది. ఇక పద్యం. ‘చెప్పనేల’ ఉత్త పూరకం. ‘చేర్చి చదువ’ అనండి. యతి చెడదు, సమస్యకు అన్వయమూ కుదురుతుంది.

కాణిపాకం సభ్యుడు: ‘పాతికేళ్లకే కంటికి చూపు తగ్గె’ అని మొదలుపెట్టాను. అద్దమంటే కళ్లద్దం.

నిర్వాహకుడు: పా–చూ యతి కుదరదు. ‘కంటిలోఁ బాడు మసక’ అంటే సరి. ఊహ మాత్రం పాతదే.

పుత్తూరు పంతులుగారు:

కం బనఁగ నీరు కణమనఁ గాదె బొట్టు
స్వర్ణముఖి చుక్కలోపల సంచరించు
క్రిములు కనరావు కంటికిఁ గిట్టి చూడఁ
గంకణముఁ జూడ నద్దంబు గావలయును

నిర్వాహకుడు: పంతులుగారూ, పదం విరిచిన తీరుకు దండం! 1674లో డచ్చి వర్తకుడు లీవెన్‌హుక్ తాను అరగదీసుకున్న కటకంతో చెరువు నీటిలో చూసినవి ఈ ప్రాణులనే. ఒక్కటే చిక్కు. మీ ‘కిట్టి’, అంటే దగ్గరికి వచ్చి, సరళాదేశంతో ‘గిట్టి’ అయింది. చచ్చి చూసినా క్రిములు కనబడవన్నట్టుంది.

పుత్తూరు పంతులుగారు: ఆ అర్థంలోనూ తప్పేముంది నాయనా?

నిర్వాహకుడు: వచ్చే వారానికి: ‘నిప్పు పట్టినఁ గాలదు నీదు చేయి’. కర్పూర హారతి దారి ముందే మూసేస్తున్నాను. ఈ ఊళ్లో అందరూ అటే పోతారు.