హెడ్డింగ్ ఫాంట్ మారిస్తే పేపర్ గొంతు మారిపోతుందా?

కొత్త సబ్‌ఎడిటర్: మా ఊళ్లో చిన్న పక్షపత్రిక నడుపుతున్నాం. మొన్న హెడ్డింగులకు మండలి ఫాంట్ తీసేసి రామభద్ర ఫాంట్ పెడితే, బడిలో మంచినీళ్ల ట్యాంకు కట్టారన్న వార్త కూడా ఎవరో మైకు పట్టుకుని అరుస్తున్నట్టు ఉందన్నారు. రాసిన వాక్యం అదే కదండీ, అక్షరానికి అంత బలం ఉంటుందా?

పాతకాపు: ఉంటుంది. రామభద్ర బాగా లావు, పోస్టర్లకు సరిపోయే అక్షరం. లండన్‌లో ది టైమ్స్ పత్రిక 1932లో అక్షరాల నిపుణుడు స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణలో టైమ్స్ న్యూ రోమన్ ఫాంట్ చేయించుకుంది. కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలి, పెద్దమనిషి తరహా పోకూడదు. ఇప్పుడు దాన్ని చూస్తే మనకు ఆఫీసు లెటరే గుర్తొస్తుంది, అది వేరే సంగతి!

గళ్లచొక్కా: బ్రిటన్‌లోని గార్డియన్ పత్రిక 2005లో పేజీ సైజు తగ్గించినప్పుడు పాల్ బార్న్స్, క్రిస్టియన్ ష్వార్ట్జ్‌లతో గార్డియన్ ఈజిప్షియన్ అనే ఫాంట్ గీయించుకుంది. సన్నం నుంచి బాగా లావు దాకా బోలెడు రకాలున్నాయి కాబట్టి ఒకే ఫాంట్‌తో మెల్లగానూ చెప్పొచ్చు, గట్టిగానూ చెప్పొచ్చు. మీ రామభద్రకు ఒకటే మందం, అక్కడే చిక్కు.

పాతకాపు: ఇంకోటి, మన వత్తులు కిందికి దిగుతాయి. రెండు లైన్ల హెడ్డింగ్‌లో పైన 'రాష్ట్రం' వచ్చిందంటే కింది లైన్‌లోని గుడికి తగులుతుంది, లావు ఫాంట్‌లో అయితే మరీ ఇరుకు. లైన్ల మధ్య ఖాళీ పెంచండి, రామభద్రను మొదటి పేజీ పెద్ద వార్తకే ఉంచండి.

కొత్త సబ్‌ఎడిటర్: సరేనండీ, ట్యాంకు మళ్లీ మండలికే. సంతాప వార్తలకూ రామభద్రే వాడాం, తల్చుకుంటే సిగ్గేస్తోంది.