దాళ్వాలో (రబీ పంటకాలంలో) జపోనికా వరి పండుతుందా?

ప్రశ్న: తణుకు దగ్గర మాకు నాలుగెకరాలుంది. సుషీకి వాడే జపోనికా బియ్యానికి మంచి ధర అంటున్నారు. వేయొచ్చా అండీ?

జవాబు: నేను కాలిఫోర్నియాలో, శాక్రమెంటో లోయలో ఉంటాను. ఇక్కడ 1948లో వచ్చిన కాల్‌రోజ్ అనే జపోనికా రకం పేరే ఇంకా నడుస్తోంది. నాట్లుండవు, నానబెట్టిన విత్తనాన్ని నీళ్లు నిలిపిన మళ్లలో విమానంతో చల్లుతారు. పగలు ఎండ మండినా రాత్రి చల్లబడుతుంది. మన దాళ్వాలో గింజ పాలు పోసుకునే వేళకి ఎండలు ముదురుతాయి, తాలు పోతుందని నా భయం.

ఇంకొకరు: ఈజిప్టు నైలు డెల్టాలో పండిస్తున్నారుగా?

జవాబు: అవునండీ, కానీ అక్కడ వేసవి పగళ్లు పొడవు. దాళ్వాలో పగలు చిన్నది, చాలా రకాలు దుబ్బు కట్టకముందే పూతకొస్తాయి. ముందు అయిదు సెంట్లలో వేసి చూడండి. ఎగుమతి మాటంటారా, జపాన్ పెట్టుకున్న దిగుమతి కోటా దాటితే కిలోకి 341 యెన్ల సుంకం. కొనేవాడు ఖాయం కాకుండా నాలుగెకరాలూ పెట్టకండి.