పోలీసు వైర్‌లెస్ కోడ్‌ల అర్థం తెలిసినవారు చెప్పగలరా?

కావలి పాఠకుడు: తిరునాళ్ల బందోబస్తులో కానిస్టేబుల్ గారి సెట్టులో "చార్లీ", "రోజర్", "ఓవర్" అన్న మాటలు విన్నాను. వాటి అర్థమేమిటి? మనం ఇంట్లో సెట్టు పెట్టుకుని వాటిని వినవచ్చా?

ఒంగోలు విశ్రాంత ఉద్యోగి: నా ఉద్యోగ జీవితమంతా వైర్‌లెస్ విభాగంలోనే గడిచింది. బండి నంబరులో ఏపీ 26 తరువాత వచ్చే అక్షరం బీయో, డీయో, పీయో గరగరలో తేలదు కనుక బ్రేవో, డెల్టా, పాపా అంటాము. ఆ పట్టిక 1956 నుంచి అంతర్జాతీయంగా అమలులో ఉంది. "రోజర్" అంటే సందేశం అందిందని మాత్రమే. ఆజ్ఞను పాటిస్తానని కాదు.

సింగరాయకొండ: "అందింది" అనడానికి అసలు కోడ్ టెన్-ఫోర్ (10-4) కదా! దాన్ని వదిలేశారేమిటి?

ఒంగోలు విశ్రాంత ఉద్యోగి: అది 1937 ప్రాంతంలో అమెరికాలోని ఇల్లినాయిలో పుట్టిన పద్ధతి. మన సెట్ కాన్ఫరెన్స్ (అధికారులు వైర్‌లెస్ సెట్లలో జరిపే సమావేశం) ఒక్కసారైనా విన్నవారు ఆ మాట అనరు.

సింగరాయకొండ: అనుభవం ఉన్నంత మాత్రాన ఎదుటివారిని చిన్నచూపు చూడనక్కరలేదు.

కందుకూరు మాస్టారు: ఇద్దరూ శాంతించండి. అక్కడ కూడా ఒక్కో ఊరిలో ఒకే అంకెకు ఒక్కో అర్థం ఏర్పడి ఇబ్బంది కలగడంతో, పలు శాఖలు కలిసి పనిచేసేటప్పుడు మామూలు మాటలే వాడాలని 2006 నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వం పట్టుబట్టింది. ఆపదలో స్పష్టమైన వాక్యమే మేలని నా దృఢాభిప్రాయం.

ఉదయగిరి: కోడ్‌ల సంగతి అలా ఉంచండి. ఈ సెట్లు వాడే వీహెచ్ఎఫ్ రేడియో తరంగాలు దాదాపు చూపు వెళ్లినంత మేరకే పోతాయి కనుక, వెలికొండల చాటున ఉన్న పల్లెలకు గుట్టమీది రిపీటరే (సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే యంత్రమే) ఆధారం. దాని బ్యాటరీని పట్టించుకునేవారు లేకపోతే ఎన్ని కోడ్‌లు నేర్చి ఏమి లాభం?

హ్యామ్ (ఔత్సాహిక రేడియో) అభిమాని, నెల్లూరు: నిజం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను వంటిది మళ్లీ వస్తే సెల్ టవర్లను నమ్ముకోలేము. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడాలని కూడా కొత్తవారికి నేర్పాలి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది, ఆ మాట ఊరి పేరే కావచ్చు.

కావలి పాఠకుడు: నా రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఒంగోలు విశ్రాంత ఉద్యోగి: వినకూడదు. లైసెన్సు అవసరమైన సెట్టును అది లేకుండా దగ్గర ఉంచుకోవడమే 1933 నాటి చట్టం నుంచి నేరం. లైసెన్సు అక్కరలేని 446 మెగాహెర్ట్జ్ సెట్లు వేరు. వాటిని పొలం పనులకు నిశ్చింతగా వాడుకోండి.

ఉదయగిరి: రిపీటర్ మాట మళ్లీ దాటవేశారు.