మా కెప్టెన్ ఈడీపీఐ 280 పెట్టాల్సిందే అంటున్నాడు: మౌస్ సెన్సిటివిటీని అసలు దేంతో కొలవాలి?

కావలి_క్లచ్ · రాత్రి 9:12
అన్నలకు నమస్తే. ఇన్నాళ్లూ సీఎస్2 (కౌంటర్-స్ట్రైక్ 2 అనే తుపాకుల ఆట) ఆడాను. మౌస్ 800 డీపీఐ, గేమ్‌లో సెన్సిటివిటీ (మౌస్ జరిపితే గురి ఎంత తిరగాలన్న సెట్టింగ్) 2. నెల కిందట అలాంటిదే ఇంకో ఆట వాలరెంట్‌కి మారి మా ఊళ్లోనే ఒక టీమ్‌లో చేరాను. ఇక్కడ పైన పిన్ చేసి ఉన్న చార్ట్ చూపించి, అందరూ ఈడీపీఐ (డీపీఐని సెన్సిటివిటీతో గుణిస్తే వచ్చేది) 280కి రావాల్సిందేనని మా కెప్టెన్ పట్టు పట్టాడు. అంటే 800 మీద 0.35. పెట్టాను. ఎదురుగా ఉన్నవాణ్ని బాగానే కొడుతున్నాను. వెనక అడుగుల చప్పుడు వినపడితే మాత్రం తిరిగేలోపే చచ్చిపోతున్నాను. మౌస్ పోయి కీబోర్డుకు తగులుతోంది. నాకు చేతకావడం లేదా, నంబరే తప్పా? ఆదివారం మ్యాచ్ ఉంది, బాగా టెన్షన్‌గా ఉంది.

దర్గామిట్ట_డక్ · 9:20
280 మంచి నంబరే. రెండు వారాలు ఓపిక పట్టు, చెయ్యి దానంతటదే అలవాటు పడుద్ది.

ఒంగోలు_ఓల్డ్‌స్కూల్ · 9:31
తమ్ముడూ, ముందు ఆ చార్ట్ మూసెయ్యి. 2006లో ఒంగోలు కర్నూలు రోడ్డులో గంటకింత అని కట్టి కౌంటర్-స్ట్రైక్ 1.6 ఆడినవాణ్ని నేను. డీపీఐ అనే మాటే మాకెవరికీ తెలీదు. బాల్ మౌస్ ఉన్న సిస్టమ్ దొరికితే కింద మూత తిప్పి, బాల్ తీసి, లోపల రోలర్ల మీద చుట్టుకున్న మురికి గోటితో గీకి, మళ్లీ పెట్టుకుని ఆడేవాళ్లం. నాలుగు రౌండ్లు ఆడితే ఎంత కావాలో చెయ్యే చెప్పేది. చేతికి లేని తెలివి లెక్కలకు ఎక్కడినుంచి వస్తుంది?

పెన్నా_షాట్ · 9:58
అన్న మాట పక్కన పెట్టి, అసలు జరిగిందేంటో చూద్దాం క్లచ్.

డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం జరిగితే కంప్యూటర్‌కి పంపే కౌంట్ల సంఖ్య. 800 అంటే అంగుళానికి 800. ఒక్కో కౌంట్‌కి నిన్ను ఎన్ని డిగ్రీలు తిప్పాలో గేమ్ చూసుకుంటుంది. సెన్సిటివిటీ 1 ఉంటే సీఎస్2లో కౌంట్‌కి 0.022 డిగ్రీలు, వాలరెంట్‌లో 0.07. అంటే 3.18 రెట్లు తేడా. డీపీఐని సెన్సిటివిటీతో గుణిస్తే వచ్చేదే ఈడీపీఐ. ఇందులో గేమ్ సంగతి ఎక్కడా లేదు చూడు. మన నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోల ధాన్యం. వేరే జిల్లా రైతుతో పుట్టి ధర మాట్లాడాలంటే ముందు కిలోల్లోకి మార్చుకుంటాం కదా. ఈడీపీఐ కూడా అట్టాంటిదే, ఒకే గేమ్ లోపలైతేనే పనికొస్తుంది. ఏ గేమ్‌కైనా చెల్లే కిలో ఒకటుంది: చుట్టూ ఒక్కసారి, అంటే 360 డిగ్రీలు తిరగడానికి మౌస్ ఎన్ని సెంటీమీటర్లు జరగాలి అన్నది.

నీ పాత సీఎస్2 సెట్టింగ్: 0.022 × 2 × 800 అంటే అంగుళానికి 35.2 డిగ్రీలు. 360ని దాంతో భాగిస్తే 10.2 అంగుళాలు, దాదాపు 26 సెంటీమీటర్లు. ఇప్పుడు నువ్వు పెట్టింది: 0.07 × 0.35 × 800 అంటే 19.6. భాగిస్తే 18.4 అంగుళాలు, దాదాపు 46.7 సెంటీమీటర్లు. ఒక్క రాత్రిలో చెయ్యి జరగాల్సిన దూరం ఇంచుమించు రెట్టింపైంది. నీకు చేతకాకపోవడం కాదిది.

రొయ్యల_గుంట · 10:03
మా గుంటల దగ్గర కుర్రాళ్లకు నేను ఇట్టా చెప్తా: రొయ్యల కౌంట్ లాగే. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్నది. 100 కౌంట్ కంటే 30 కౌంట్ రొయ్య పెద్దది. ఈడీపీఐ అంకె తగ్గేకొద్దీ చెయ్యి పోవాల్సిన దూరం పెరుగుద్ది.

బిట్రగుంట_బోల్ట్ · 10:05
16000 డీపీఐ ఉన్న మౌస్ కొను బ్రో, అంతా సెట్ అవుద్ది.

పెన్నా_షాట్ · 10:11
బోల్ట్, అవదు. 400 మీద 0.8, 800 మీద 0.4, 1600 మీద 0.2, ఈ మూడింటికీ 360 దూరం ఒకటే, దాదాపు 40.8 సెంటీమీటర్లు. డీపీఐ పెంచి సెన్సిటివిటీ తగ్గిస్తే ఒక్కో కౌంట్‌కి తిరిగే ముక్క చిన్నదవుతుంది: 400 దగ్గర 0.056 డిగ్రీలు, 1600 దగ్గర 0.014. కదలిక ఇంకాస్త నునుపుగా ఉంటుంది, అంతే. దానికోసం కొత్త మౌస్‌కి డబ్బులు తగలెయ్యొద్దు.

ఒంగోలు_ఓల్డ్‌స్కూల్ · 10:26
ఇన్ని లెక్కలు చెప్పావు, ఒక్కటి అడుగుతాను. డబ్బా మీద 800 అని రాస్తే లోపల నిజంగా 800 ఉంటుందా? స్కేలు పెట్టి చూశాను. నా మౌస్ 800 మీద, సీఎస్2లో సెన్సిటివిటీ 2 మీద పెడితే నీ లెక్క ప్రకారం 26 సెంటీమీటర్లు రావాలి, 25 కూడా రాలేదు. కిలో రాయే తక్కువుంటే తూకానికి ఏం విలువ?

పెన్నా_షాట్ · 10:34
నిజమే అన్నా, సెన్సర్‌కి సెన్సర్‌కి కొద్ది శాతం తేడా ఉంటుంది. సెంటీమీటర్లలో కొలవమనేది అందుకే. స్కేలు పెట్టి చూస్తే డబ్బా మీద ఏం రాసినా ఫర్వాలేదు, నీకు నిజం దూరమే తెలుస్తుంది.

ఒంగోలు_ఓల్డ్‌స్కూల్ · 10:41
నేను అడిగింది అది కాదు. డబ్బా మీద రాసింది తప్పని ఒప్పుకున్నావా, లేదా?

పెన్నా_షాట్ · 10:49
ఒప్పుకున్నాను అన్నా. ఎన్నిసార్లు చెప్పాలి? మీరు 2006 దగ్గరే ఆగిపోయారు. ఆ రోజుల్లో విండోస్ మౌస్ సెట్టింగ్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ దగ్గర టిక్ ఉండేది. అది యాక్సిలరేషన్. మౌస్ మెల్లగా జరిపితే ఒక దూరం, గట్టిగా లాగితే ఇంకో దూరం. పాత గేములకు అది తగిలేది. ఇప్పుడు సీఎస్2, వాలరెంట్ రెండూ మౌస్ కౌంట్లను నేరుగా తీసుకుంటాయి, విండోస్ వాటిలో వేలు పెట్టదు. మీ చెయ్యి నేర్చుకున్నదే రోజుకో దూరం. ఆ చేతిని నమ్మమని ఈ పిల్లాడికి చెప్పడం అన్యాయం.

ఒంగోలు_ఓల్డ్‌స్కూల్ · 11:15
నా చేతి గురించి మాట్లాడావు కాబట్టి చెప్తాను.

మేము ఆడిన సెంటర్లో బయటికి లాగే కీబోర్డు పలక మీదే మౌస్ కూడా. దానికి మిగిలేది జానెడు చోటు. అటు పక్క చెక్క, ఇటు పక్క కీబోర్డు. మోచెయ్యి గాల్లోనే. ఆ జానెడులోనే చుట్టూ తిరగాలి, అందుకే మణికట్టుతో ఆడటం నేర్చుకున్నాను. ఆ సంవత్సరం టోర్నమెంట్‌కి మా టీమ్ పెద్ద ఎక్కడో ఎవరో ప్రో ఆడే నంబర్ చూసొచ్చి, మ్యాచ్ ముందు రోజు అందరికీ అదే పెట్టించాడు. వద్దన్నాను, వినలేదు. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాం. వెనక నుంచి చచ్చింది ఎక్కువసార్లు నేనే. మరుసటి వారం నన్ను తీసేశారు. కారణం నంబర్ కాదంట, నాకు క్రమశిక్షణ లేదంట. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

పైన పిన్ చేసిన చార్ట్ రాసింది నువ్వే కదా పెన్నా? నీ మౌస్ ప్యాడ్ వెడల్పు ఎంత? అది చార్ట్‌లో ఎక్కడైనా రాశావా?

మోడరేటర్ · 11:18
ఇద్దరూ వ్యక్తిగతంగా పోవద్దు. విషయం మీదే ఉండండి.

పెన్నా_షాట్ · 11:52
నా ప్యాడ్ 90 సెంటీమీటర్లు. రాయలేదు. అది నా తప్పే.

ఆ చార్ట్ ఎందుకు పెట్టానో కూడా వినండి. మా టీమ్‌లో ఒకడు ఉండేవాడు. ఓడిన ప్రతిసారీ సెన్సిటివిటీ మార్చేవాడు. సోమవారం 0.3, బుధవారం 0.5, మధ్యలో ఎవరో వీడియోలో చెప్పారని డీపీఐ 1600. గురి తప్పితే వాడు తప్పు చేశాడో, మార్చిన సెట్టింగ్ తప్పో మాకు తెలిసేది కాదు. వాడికీ తెలిసేది కాదు. మూడు నెలల ప్రాక్టీస్ బూడిదలో పోసినట్టయింది. ఒక్క నంబర్ ఇచ్చి ‘ఇది ముట్టుకోవద్దు’ అంటే తప్ప ఆ జబ్బు పోదనిపించింది. 280లో మహిమ ఉందని నేను ఎప్పుడూ అనలేదు. కుదురు కోసం పెట్టాను.

ఒంగోలు_ఓల్డ్‌స్కూల్ · రాత్రి 12:06
ఇదీ అసలు గొడవ. నంబర్ మార్చకూడదు అంటావు, సరే, ఒప్పుకుంటాను. ఎవరి నంబర్ వాళ్లది మార్చకూడదు. నీ నంబర్ వాడి చేతికి కట్టి మార్చొద్దు అంటే, అది కుదురు కాదు, పెత్తనం.

పెన్నా_షాట్ · 12:14
అయిదుగురు ఆడే ఆటలో కెప్టెన్ మాట ఉండాలి అన్నా. ఎక్కడ నిలబడాలో చెప్పే హక్కు ఉన్నవాడికి సెట్టింగ్ చెప్పే హక్కు లేదా?

ఒంగోలు_ఓల్డ్‌స్కూల్ · 12:17
లేదు. నిలబడే చోటు టీమ్‌ది. చెయ్యి నాది.

కావలి_క్లచ్ · మరుసటి రోజు ఉదయం 7:40
అన్నలారా, రాత్రి మొత్తం చదివాను. మా నాన్న టైలర్. ఆయన టేపు తీసుకుని కూర్చున్నాను. ప్రాక్టీస్ మైదానంలో గోడ మీద ఒక గుర్తు మీద గురి పెట్టి, టేపు ప్యాడ్ అంచున పరిచి, మౌస్ పక్క అంచు సున్నా దగ్గర పెట్టి పక్కకు మెల్లగా లాగాను. నా ప్యాడ్ 24 సెంటీమీటర్లే కాబట్టి పూర్తిగా తిరగడం కుదరలేదు. సరిగ్గా వెనక్కి తిరిగేదాకా చూసి రెట్టింపు చేశాను.

0.35 దగ్గర వెనక్కి తిరగడానికే 23 పైన. మౌస్ ప్యాడ్ మధ్యలో ఉంటే నాకు ఒక పక్కకు దొరికేది 12. అంటే వెనక చప్పుడు వినపడితే మౌస్ ఒకసారి ఎత్తి మళ్లీ పెట్టి లాగాలి. నేను చచ్చేది ఆ ఎత్తే క్షణంలోనే. 0.63 పెడితే వెనక్కి 13. కీబోర్డు కాస్త ఏటవాలుగా తిప్పితే ఆ చోటూ దొరికింది.

ఈ లెక్కంతా కాగితం మీద రాసి కెప్టెన్‌కి ఫోటో పంపాను. చూశాడు, ఇంకా ఏమీ అనలేదు.

పెన్నా_షాట్ · 8:05
కొలత బాగా తీశావు తమ్ముడూ. 0.63కే ఉండు. ఓడినా గెలిచినా నెల దాకా ముట్టుకోకు. మీ కెప్టెన్‌కి నేను రాశానని చెప్పు. చార్ట్‌లో ప్యాడ్ వెడల్పుకి ఒక గడి కలుపుతాను.

ఒంగోలు_ఓల్డ్‌స్కూల్ · 8:22
గడి కాదు. ‘ముందు మీ చోటు కొలుచుకోండి’ అని అన్నిటికన్నా పైన రాయి.

పెన్నా_షాట్ · 8:30
గడి కలుపుతాను అన్నా. 280 మాత్రం తీసెయ్యను.

ఒంగోలు_ఓల్డ్‌స్కూల్ · 8:31
అయితే ఆ పిన్ కింద ప్రతివారం నేనే రాస్తాను.

రొయ్యల_గుంట · 8:44
క్లచ్, ఆదివారం ఎన్ని గంటలకు? చూడ్డానికి వస్తాను.