వ్యాసం ఇచ్చేముందు వేరేటోళ్లతో దిద్దించుకుంటే తప్పా?

హన్మకొండ హిస్టరీ:
ఎం.ఏ. హిస్టరీ చేస్తున్న. కాకతీయుల గుళ్ల మీద వ్యాసం సోమవారం ఇయ్యాలె. రాసుడైతే అయింది. మా రూమ్మేట్‌ది తెలుగు ఎం.ఏ., "నాకియ్యి, దిద్ది పెడ్త" అంటున్నడు. క్లాసుల ఒకామె మాత్రం "అట్లయితే మార్కులు గూడ వానికే ఇయ్యాలె" అన్నది. మీరేమంటరు?

పోచమ్మమైదాన్:
ఆమె అన్నది నిజమే. అక్షరాల తప్పులు చూస్తమని మొదలువెట్టి పేరాలే మారుస్తరు. నిరుడు నాది మా అక్కకిచ్చిన. తిరిగొచ్చినంక వాక్యాలన్నీ ముద్దుగున్నయి, ఒక్కటీ నాది కాదు. వైవాల ఒక మాటకు అర్థమడిగితే నోరు పెగల్లేదు.

డీటీపీ అన్న:
మీ అక్క చేసింది తిరగరాసుడు, దిద్దుడు కాదు చెల్లె. ఎవలి రాత వాళ్లు చదివితే తప్పు కనవడది. కన్ను కాగితం మీదుంటది, మనసేమో రాద్దామనుకున్నదే చదువుకుంటది. రోజూ చూస్తున్న. ఇంకోటి తమ్మీ, 'అను' అనే పాత డీటీపీ ఫాంట్ల కొట్టింది యూనికోడ్‌లకు మార్పిస్తే ఒత్తులు ఎగిరిపోతయి. మార్చినంక ప్రింటు తీసి మొత్తం చదువు, స్క్రీన్ మీద కాదు. గసొంటి తప్పులు ఎవలు పట్టిస్తే ఏంది?

బస్టాండ్ బ్యాక్‌బెంచ్:
గింత లొల్లి ఎందుకు? యూజీసీ 10 శాతం కాపీకి ఒప్పుకుంటది కదా.

పాత మాస్టారు:
ఒప్పుకోదు బాబూ. 2018 నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం దాటకపోతే శిక్ష లేదు, అంతే. అది మాఫీ, అనుమతి కాదు. మూలం చెప్పి ఉటంకించింది ఆ లెక్కలోకే రాదు, కాబట్టి పేరు చెప్పి రాసుకోవడానికి భయమెందుకు?

ఇక అసలు సంగతి. రూమ్మేట్‌కు ఇవ్వు, కానీ పెన్సిలే ఇవ్వు. అనుమానమున్న చోట గీత గీయమను, మార్చేది నువ్వే. అయితే భాష వచ్చినవాడికి చరిత్ర తప్పు దొరకదు. వేయిస్తంభాల గుడి 1163లో కట్టించింది కాకతీయ రుద్రదేవుడు. రామప్ప గుడి 1213 నాటిది, కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. ఈ ఇద్దరినీ ఒక్కరిని చేసేసిన పేపర్లు నేనెన్ని దిద్దానో! పైగా రుద్రమదేవికీ రుద్రదేవ మహారాజనే పేరుంది. మూడు చోట్లా అక్షరాలు సరిగ్గానే ఉంటాయి, ఏ కంప్యూటరూ ఎర్రగీత పెట్టదు. పేర్లూ సంవత్సరాలూ ఒక్కొక్కటి వేలు పెట్టి పుస్తకంతో సరిచూసుకో. ఆ పని ఎవరికీ అప్పగించకు.

పోచమ్మమైదాన్:
పెన్సిల్ అయితే సరే సార్. కానీ పెన్సిల్ ఇస్తే పెన్ను తీసుకునేటోళ్లే ఎక్కువ, నేనైతే ఇయ్య.

హన్మకొండ హిస్టరీ:
సార్, ఇప్పుడే తీసి చూసిన. రామప్ప కాడ రుద్రదేవుడనే రాసిన. మా రూమ్మేట్ రాత్రే చదివిండు, దాని పక్కకు "వాక్యం బాగుంది" అని రాసిపెట్టిండు.