పొట్టి తుపాకీకి కొత్త తూటా కావాలా, 9 ఎంఎం చాలా?

పాలమూరు పోరడు:
కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటూ ఈ తుపాకుల మీద పడ్డాను. బండి నడిపేవాళ్లు, సిగ్నల్స్ వాళ్లు, ఫిరంగి దగ్గర ఉండేవాళ్లు పెద్ద రైఫిల్ మోయలేరని 1980ల చివర్లో నాటో ఒక చిన్న ఆయుధం కావాలన్నది. షరతు ఏంటంటే, 1.6 మిల్లీమీటర్ల టైటానియం రేకునూ దాని వెనక 20 పొరల కెవ్లార్‌నూ (బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే గట్టి బట్ట) తూటా చీల్చాలి. మామూలు పిస్టల్ తూటా 9 ఎంఎంతో అయ్యే పని కాదు. దానికోసమే బెల్జియం పీ90, జర్మనీ ఎంపీ7 చేశాయి. మన దగ్గర కూడా ఇక 9 ఎంఎం కార్బైన్లు (పొట్టి తుపాకులు) పక్కన పెట్టాలని నా వాదన. మీరేమంటారు?

హాలియా మాజీ జవాన్:
తొందరపడకు తమ్మీ. నేను స్టెర్లింగ్ కార్బైన్ మోసినవాణ్ని. ట్రిగ్గర్ నొక్కితే బరువైన బోల్ట్ వెనక నుంచి ఉరికొచ్చి కొడుతుంది, మొదటి రౌండ్‌కే గురి కదులుతుంది. అది తుపాకీ తప్పు, తూటాది కాదు. డీఆర్‌డీఓ వాళ్ల అస్మీ తుపాకీని చూడు. హైదరాబాద్ లోకేశ్ మెషీన్స్ తయారు చేస్తున్నది, 2024లో ఆర్మీ 550 ఆర్డర్ ఇచ్చింది. అదీ 9 ఎంఎమ్మే.

పాలమూరు పోరడు:
జాకెట్ వేసుకున్నోడు ఎదురైతే ఎట్లా అన్నా? పైగా పీ90 డిజైన్ చూడండి. మ్యాగజీన్ తుపాకీ నెత్తిన పడుకుని ఉంటుంది. అందులో 50 తూటాలు బారెల్‌కు అడ్డంగా ఉంటాయి, మ్యాగజీన్ మూతి దగ్గరికి వచ్చాక ఒక్కొక్కటీ 90 డిగ్రీలు తిరిగి దిగుతుంది. ఖాళీ షెల్లు కిందికే రాలుతాయి, ఎడమచేతి వాటమైనా ఇబ్బంది లేదు. అంతా కలిపి అర మీటరు పొడవే!

దేవరకొండ ఫిజిక్స్ సార్:
లెక్క నేను చెప్తా. పీ90 బుల్లెట్ 2 గ్రాములు, వేగం సెకనుకు 715 మీటర్లు. 9 ఎంఎం 8 గ్రాములు, సుమారు 360 మీటర్లు. శక్తి కడితే రెండూ 510 జౌళ్లకు అటూ ఇటూనే! తేడా అంతా ఆ శక్తి ఎంత చోట పడుతుందనే దాంట్లో ఉంది. 9 ఎంఎం అడ్డుకోత వైశాల్యం దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ. పీ90 బుల్లెట్ సన్నది, ఉక్కు కొనది కాబట్టి కెవ్లార్‌లో దూరుతుంది. ద్రవ్యవేగం సగమే కాబట్టి భుజం మీద తన్నుడూ తక్కువే. జాకెట్ లేనివాణ్ని ఏది త్వరగా ఆపుతుందంటే మాత్రం ఈ లెక్కతో తేలదు, అక్కడ పోరడు గెలిచినట్టు కాదు.

పాలమూరు పోరడు:
అందుకే మనవాళ్లు 5.56x30 తూటాతో (5.56 మిల్లీమీటర్ల లావు, 30 మిల్లీమీటర్ల షెల్లు) జేవీపీసీ అనే కార్బైన్ చేశారు కదా సార్.

హాలియా మాజీ జవాన్:
చేశారు. నాటోనే పీ90 తూటా, ఎంపీ7 తూటా రెండింట్లో ఒకటి ఎంచుకోలేక 2021 నాటికి రెండింటికీ ముద్ర వేసింది, మనం మూడోది పెట్టుకున్నాం. మన ఇన్సాస్ రైఫిల్‌ది 5.56x45. పోస్టులో నీ రౌండ్లు అయిపోతే పక్కవాడి మ్యాగజీన్ నీకు పనికిరాదు. 9 ఎంఎం అయితే పిస్టల్‌దీ కార్బైన్‌దీ కోత్‌లో (ఆయుధాల గదిలో) ఒకటే పెట్టె.

పాలమూరు పోరడు:
మరి ప్రధానమంత్రికి కాపలా కాసే ఎస్‌పీజీ చేతిలో పీ90 ఎందుకుంది?

హాలియా మాజీ జవాన్:
వాళ్లు కాసేది ఒక్క మనిషిని. రౌండ్లు ఎక్కడి నుంచి తెప్పించాలన్నా వాళ్లకు నడుస్తుంది. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌కు కొనేటప్పుడు ఆ లెక్క చెల్లదు.