తెరచాప పడవ పందెంలో బోయను (నీటిపై తేలే గుర్తును) తప్పు వైపు దాటితే ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ (పిల్లల చిన్న తెరచాప పడవ) నడుపుతాడు. ఎడమకు ఉంచి తిరగవలసిన బోయను కుడికి ఉంచి తిరిగాడు. మళ్లీ వచ్చి సరిగ్గా తిరిగితే చాలంటాడు వాడు. ముందు వచ్చిన దారినే వెనక్కి వెళ్లి ఆ తప్పు చుట్టు విప్పాలంటారు కోచ్. ఎవరిది సరి?

జవాబు 1: కోచ్‌దేనండి. తెరచాప పడవ పందేల నియమాల్లో 28వ నియమానిది దారం లెక్క. పడవ నడిచిన దారిని దారంలా పరిచి బిగించి లాగితే, ప్రతి బోయా సరైన వైపు, సరైన వరుసలో ఉండాలి. తిరగవలసిన బోయను దారం తాకాలి కూడా. అటొక చుట్టు, ఇటొక చుట్టు వేస్తే రెండూ రద్దై దారం జారిపోతుంది. బల్లమీద గ్లాసు పెట్టి దారం చుట్టి చూపించండి, వాడే ఒప్పుకుంటాడు!

ప్రశ్న వేసినవారు: గ్లాసుతో తేలిపోయింది. బోయకు తగిలితే?

జవాబు 2: అది 31వ నియమం. పక్కకు తప్పుకుని, ఒక ట్యాక్ (పడవ ముక్కు గాలిని దాటే మలుపు), ఒక జైబ్‌తో (వెనుక భాగం గాలిని దాటే మలుపుతో) పూర్తి చుట్టు తిరగాలి. దారం తప్పును మాత్రం ముగింపు గీత దాటకముందే దిద్దుకోవాలి.